నా ఒంటి మీదికి వచ్చింది అమ్మవారు కాదు

నా ఒంటి మీదికి అమ్మవారు ఎప్పుడూ రాలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. బర్మాలో మేముండే పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో మా వీధివాళ్ళు చాలామంది ఇప్పటికీ వచ్చిందనే అనుకుంటున్నారు. నేను మార్కెట్లో కూరలమ్ముకునే మనిషిని. కొందరు నా బుట్ట ముందు చెప్పులు విప్పి దణ్ణం పెడతారు, ఆ తర్వాత వంకాయల దగ్గర బేరం మాత్రం ఒక్క పైసా వదలకుండా ఆడతారు. నాకు వచ్చింది జబ్బు. జైల్లో పట్టుకుంది, నాతోపాటే బయటికి వచ్చింది, ఇప్పుడు చాలావరకు వదిలింది.

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. తెలుగు రాయడం చిన్నప్పుడు గుడిలో ఆదివారం క్లాసుల్లో నేర్చుకున్నాను, తప్పులుంటే ఆ పంతులుగారిదే పూచీ. లోపల ఇంకా చాలామంది ఆడవాళ్ళున్నారు. వాళ్ళకోసం బయట సంచులు కట్టుకుని కాచుకున్న అమ్మలూ అత్తలూ ఉన్నారు. వాళ్ళలో ఒక్కరైనా ఇది చదివి, "మా పిల్లకి వణుకొస్తోంది, డాక్టరుకి చూపించండి" అని గేటు దగ్గర గట్టిగా అడిగితే నాకు చాలు. రాస్తుంటే నా చెయ్యి కూడా కొంచెం నిలకడగా ఉంటోంది, అదొకటి.

2021 ఫిబ్రవరిలో సైన్యం ప్రభుత్వాన్ని లాక్కుంది. రోజూ చీకటిపడ్డాక ఊరంతా కిటికీల దగ్గర నిలబడి గిన్నెలూ పళ్ళాలూ కొట్టేవాళ్ళం. ఇంట్లో చేరిన దెయ్యాన్ని అలా చప్పుడు చేసి తోలడం బర్మావాళ్ళ పద్ధతి. మా అత్త అప్పలనరసమ్మ అందులోకి ఇట్టే దిగిపోయింది. నేను అల్యూమినియం మూత పట్టుకుంటే లాగేసి, "దెయ్యానికి ఇత్తడి సప్పుడే సరిపడదే, ఇదేటి డబ్బా సప్పుడు" అని తన పెళ్ళినాటి పళ్ళెం తెచ్చింది. మా ఆయన సూరిబాబు టాక్సీ నడుపుతాడు. మాటకి పిసినారి. ఆయన తమ్ముడు రాజుకి రైల్వేలో ఉద్యోగం, అది వదిలేసి సమ్మెలో చేరాడు. మా నలుగురిలో నవ్వేది, నవ్వించేది రాజే. అత్తకి వాడంటే పంచప్రాణాలు.

మార్చిలో ఒక మధ్యాహ్నం మా వీధిలో కాల్పులు మొదలయ్యాయి. రాజు కాలేజీ పిల్లల్ని కొందరిని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. అందరూ ఆడపిల్లలే, ఒకామెకి చెప్పు కూడా లేదు. నేను తలుపు తీశాను. ఎవరైనా తీస్తారు. సైనికులు వెనకే వచ్చారు. రాజు పిల్లల్ని వంటింటి వెనక రేకుల మీదుగా పక్క మేడకి దాటించి తనూ దాటాడు, వాళ్ళు దాటేదాకా నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. ఆ తర్వాత నన్ను తీసుకెళ్ళారు. మెట్లు దిగుతుంటే అత్త అరుపు మాత్రం వినిపించింది. ఆమె నా పేరు పిలుస్తోందో, రాజు పేరు పిలుస్తోందో తెలియలేదు.

పోలీసుల దగ్గర గడిచిన రోజుల గురించి ఇక్కడ రాయను. ఒకరికి చెప్పాను, ఆమె డాక్టరు. ఒకసారి చెబితే చాలు.

జైలుకి తెచ్చేసరికి ఎండలు ముదిరాయి. బర్మావాళ్ళ కొత్త సంవత్సరం, నీళ్ళ పండగ, వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు. ఆడవాళ్ళ హాల్లో భుజానికి భుజం ఆనించి పడుకునేవాళ్ళం, ఒకరు పక్కకి తిరిగితే వరసంతా తిరగాలి. మా హాలుకి పెద్ద డా మ్యింట్ అనే ముసలావిడ, పాత ఖైదీ. డా అంటే బర్మావాళ్ళు పెద్ద ఆడవాళ్ళకిచ్చే మర్యాద. ఎవరెక్కడ పడుకోవాలో, ఎవరు ముందు నీళ్ళు పోసుకోవాలో ఆమే చెబుతుంది. గద్దింపు తప్ప మంచిమాట ఆమె నోట నేను విననేలేదు. అక్కడ ఇంకో తెలుగు మనిషి కూడా ఉంది, పార్వతి. లమ్మడా పేటలో వాళ్ళకి పప్పుదినుసుల కొట్టు. కొట్టు గోడ మీద సైన్యానికి వ్యతిరేకంగా ఎవరో అంటించిన కాగితానికి ఈమెని తెచ్చారు. నన్ను చూడగానే "మీదేవూరు? మీ తాతలదేవూరు?" అని మొదలుపెట్టి, చివరికి మా పెత్తల్లికీ వాళ్ళ మేనమామకీ చుట్టరికం కలిపేసింది.

నాకు వణుకు మొదటిసారి ఒక పొద్దున్న వచ్చింది. తలుపు ఇనుప గడియ లాగిన చప్పుడు. రోజూ వినేదే. ఆ రోజు ఆ చప్పుడు నా ఛాతీలో జరిగినట్టయింది. ఊపిరి లోపలికి వెళ్ళడం మానేసింది. చేతులు, దవడ, కాళ్ళు వణికాయి, జుట్టు ముడి విడిపోయింది, నోట్లోంచి ఏవో మాటలు వస్తున్నాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. అనుకోవడమేమిటి, నాకది ఖాయం.

అప్పుడు పార్వతి కేక వేసింది. "ఓలమ్మో! అమ్మోరొచ్చేసినాదే! పసుపేదే, పసుపు నేదేటి ఈ కొంపలో!"

పసుపు లేదు. తనఖా అనే చెట్టు బెరడు గంధం ఉంది, బర్మా ఆడవాళ్ళు బుగ్గలకి రాసుకునేది. అదే అరచేతిలో నూరి నా నుదుటికీ పాదాలకీ పూసింది. హారతికి కర్పూరం లేకపోతే ఒట్టి చేయి తిప్పింది. నేను "నీళ్ళు, నీళ్ళు" అంటున్నానట. నాకు గొంతు ఎండిపోయి అన్నాను. పార్వతి వార్డరు వైపు తిరిగి బర్మీస్‌లో, "మా అమ్మవారు అడుగుతోంది. ఈ హాల్లో ఆడవాళ్ళకి నీళ్ళు చాలడం లేదట, కోపంగా ఉంది" అని చెప్పింది.

బర్మావాళ్ళకీ ఇది కొత్త కాదు. వాళ్ళ నాట్ దేవతలు కూడా మనుషుల మీదికి వస్తారు, ఆడతారు, అడుగుతారు. ఆ వార్డరు మొహం తెల్లబోయింది. ఆ రోజు మాకు ఒంటి మీద పోసుకోవడానికి ఇంకో గిన్నె నీళ్ళు దొరికాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, ఇక్కడ దేవుడు నోరెత్తకుండానే పూజారి వరం ఇప్పించేసింది.

పార్వతిది మోసం కాదు. ఆమెకి అది నిజం. మా ఇళ్ళలో ఆడదానికి వణుకొచ్చి జుట్టు విరబోసుకుందంటే దానికి ఒకటే పేరు. ఇంకో పేరు మాకెవరూ నేర్పలేదు. నేను కూడా మొదట్లో, ఏమో, నిజంగానే అమ్మేమో అనుకున్నాను. అమ్మవారైతే నేను పిచ్చిదాన్ని కానట్టే కదా.

వానలు పడేనాటికి నాకు కిటికీ కింద చోటిచ్చారు. గాలి తగిలే చోటు అదొక్కటే. వార్డర్లు నా ఎదట కర్ర ఎత్తడం మానేశారు. దెబ్బలు పడతాయనుకున్న ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చి నా వెనక కూర్చునేవాళ్ళు. సాయంత్రాలు ఒక్కొక్కరే వచ్చి చెవిలో అడిగేవాళ్ళు. నా కేసు ఎప్పుడు తేలుతుంది? మా ఆయన ఇంకో దాన్ని తెచ్చుకున్నాడా? కడుపులో బిడ్డ నిలుస్తుందా? నేను జవాబు చెప్పేదాన్ని కాదు. తల మీద చెయ్యి పెట్టేదాన్ని. వాళ్ళు ఏడ్చి, తేలికపడి, వెళ్ళి పడుకునేవాళ్ళు. నాకు మాత్రం నిద్ర ఉండేది కాదు.

వణుకు కొంతసేపే. దాని తర్వాత వచ్చేదే అసలు జబ్బు. అన్నం చూస్తే అది నాది కాదనిపించేది. ఎవరైనా మాట్లాడితే దూరం నుంచి వినిపించేది. ఇల్లు గుర్తొచ్చేది కాదు, గుర్తు తెచ్చుకుంటే రంగు ఉండేది కాదు. పొద్దున్న కళ్ళు తెరిచినప్పుడు, అయ్యో మళ్ళీ తెల్లారిందే అని దుఃఖం వచ్చేది. చచ్చిపోవాలని ఉందని నాకు నేను చెప్పుకోలేదు. లేవకుండా ఉంటే బాగుండునని మాత్రం రోజూ అనుకున్నాను. అప్పట్లో ఆ రెండూ వేరనుకునేదాన్ని.

డాక్టరుకి చూపించమని అడగొచ్చా? అడగొచ్చు. హాలు పెద్దకి చెప్పాలి, ఆమె వార్డరుకి, వార్డరు లోపలి ఆస్పత్రి మనిషికి. తలనొప్పైనా, కడుపునొప్పైనా, గుండె దడైనా అక్కడ ఒకటే తెల్లమాత్ర. మనసుకి చూసే డాక్టరు బయటినుంచి ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఆమె దగ్గరికి గోల చేసినవాళ్ళని, గోడకి తల కొట్టుకున్నవాళ్ళని తీసుకెళతారు. మూలన కూర్చుని కరిగిపోయేవాళ్ళని ఎవరూ తీసుకెళ్ళరు. ఇక అమ్మవారు వచ్చినదానికి డాక్టరెందుకు? పైగా నాకు జబ్బని తేలితే ఆ గిన్నెడు నీళ్ళూ పోతాయి, నా వెనక దాక్కునే పిల్లలకి ఆ చాటూ పోతుంది. మింగలేక, కక్కలేక ఉండిపోయాను.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ వానల్లోనే కరోనా లోపలికి వచ్చింది. అసలే కరువైన ములాఖాత్‌లు పూర్తిగా ఆగిపోయాయి. జైలు లోపలి కోర్టులో నాకు మూడేళ్ళు వేశారు, ఆ మాట వినడానికి మా వాళ్ళెవరూ లేరు. ఇంటినుంచి సంచి మాత్రం వచ్చేది. ఒకసారి సంచిలో ఎండుచేపల పొడి కింద పసుపు పొట్లం, ఎండిన వేపాకు, పసుపురంగు జాకెట్టు గుడ్డ ఉన్నాయి. విడుదలైనవాళ్ళెవరో మా ఇంటికి వెళ్ళి నా సంగతి చెప్పారన్నమాట. ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. అంతదాకా ఇంట్లో ఒక్కరైనా నన్ను నన్నుగా తలుచుకుంటున్నారనుకున్నాను. ఇప్పుడు అక్కడ కూడా నా చోట్లో అమ్మవారే కూర్చుంది.

పార్వతికి దగ్గు మొదలైంది. తర్వాత జ్వరం. హాల్లో సగంమందికి అదే. ఒక సాయంత్రం పాకుతూ నా దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ నన్ను "పిల్లా" అని పిలిచే మనిషి, నా పాదాలు పట్టుకుంది.

"తల్లీ, నాను ఇంటికెల్తానా? మా గుంట పెళ్ళి సూస్తానా? సెప్పు తల్లీ."

"పార్వతక్కా, నానే. రత్నాన్ని."

"ఆ పిల్లతో నాకు పన్నేదు. నువ్వు సెప్పు."

నేను ఆమె తల మీద చెయ్యి పెట్టాను. కాలిపోతోంది. మర్నాడు ఆమెని ఆస్పత్రికి మోసుకెళ్ళారు. తిరిగి రాలేదు. కబురు కూడా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆమె దుప్పటి ఇంకొకరికి ఇస్తుంటే మాకు అర్థమైంది. పార్వతి పోయిన ఆ రోజుల్లో నాకు వణుకు పూటపూటకీ వచ్చింది. చుట్టూ అందరూ దణ్ణాలు పెట్టారు. నన్ను పట్టుకుని "ఏడువే" అనేవాళ్ళు ఒక్కరూ లేరు.

దీపాల పండగ ముందు, వానలు పలచబడుతున్న రోజుల్లో, డా మ్యింట్ నన్ను నీళ్ళతొట్టి దగ్గర నిలేసింది. "నీ పేరు డాక్టరుకి ఇచ్చాను. రేపు వెళ్ళు."

"నాకేం జబ్బు లేదు" అన్నాను.

"నాట్‌లు పట్టినవాళ్ళని నేను చిన్నప్పటినుంచి చూశాను. వాళ్ళు ఆడతారు, సారా అడుగుతారు, అలసిపోయి హాయిగా నిద్రపోతారు. బట్టలో ఒకటికి పోసుకుని, ఎవరైనా చూస్తారని మూలకి జరగరు. నీ తమెయిన్ ఎవరు ఉతికారనుకుంటున్నావు?"

ఆ లుంగీ ప్రతిసారీ పొద్దున్నకి ఆరి మడతపెట్టి ఉండేది. పార్వతి అనుకున్నాను.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?" అని అడిగాను.

"హాలుకి ఒక అమ్మ కావలసి వచ్చింది. ఇప్పుడు నువ్వు చచ్చేలా ఉన్నావు" అని, తొట్టి మీద మూత వేసి వెళ్ళిపోయింది.

లోపలి ఆస్పత్రి బయట వరండాలో మమ్మల్ని గోడకి ఆనించి కూర్చోబెట్టారు. అందరం ఆడవాళ్ళమే. ఒకామె తన జుట్టు నోట్లో పెట్టుకుని నములుతోంది. ఒకామె చేతులు గుడ్డతో కట్టేసి ఉన్నాయి, కట్టినచోట చర్మం లేచిపోయింది. ఒక చిన్నపిల్ల, ఇరవై కూడా ఉండవు, ఎవరితోనో వంటల గురించి మాట్లాడుతోంది, ఎదురుగా ఎవరూ లేరు. నేను వీళ్ళలో కూర్చున్నానా అని సిగ్గేసింది. కాసేపటికి ఆ సిగ్గు చూసి నాకే అసహ్యమేసింది. ఆస్పత్రిలో ఊడ్చే మనిషి అటూ ఇటూ చూసి మా ఒక్కొక్కరి చేతిలో తాటిబెల్లం ముక్క పెట్టి వెళ్ళింది. జుట్టు నమిలే ఆమె జుట్టు వదిలేసి బెల్లం చప్పరించింది. మధ్యాహ్నందాకా అలా కూర్చున్నాం, కొందరి వంతు రాకుండానే వెనక్కి పంపేశారు.

డాక్టరమ్మ మాస్కు మీద కళ్ళు బాగా అలసిపోయి ఉన్నాయి. "ఏమవుతోంది?" అంది. నేను నోరు తెరిచేలోపు వెనక నిలబడ్డ వార్డరు, "ఈమె మీదికి ఇండియా దేవత వస్తుంది డాక్టరమ్మా, మంచి శక్తి" అంది గర్వంగా. నేను తల వంచుకున్నాను. డాక్టరమ్మ నన్ను చూసి, గది ఉక్కగా ఉంది, తాగడానికి నీళ్ళు తెమ్మని వార్డరుని పంపింది. తలుపు మూసుకుంది. గడియ పడింది. నా చేతుల్లో వణుకు మొదలైంది.

ఆమె లేవలేదు. దణ్ణం పెట్టలేదు. "నేను ఇక్కడే ఉన్నాను. ఇది తగ్గుతుంది. బల్ల పట్టుకో" అంది. తగ్గేదాకా అదే మాట చిన్నగా చెబుతూ ఉంది. తర్వాత అడిగింది, "ఇది వచ్చినప్పుడు లోపల ఎవరుంటారు?"

కిటికీ కింద చోటు గుర్తొచ్చింది. నా వెనక దాక్కునే పిల్లలు గుర్తొచ్చారు. జవాబు చెబితే వాళ్ళకేమవుతుందో తెలుసు, చెప్పకపోతే నాకేమవుతుందో కూడా తెలుసు.

"ఎవరూ ఉండరు. నేనే. నాకు భయం" అన్నాను.

అది చెప్పాక ఆపలేకపోయాను. పోలీసుల దగ్గర జరిగినవి, గడియ చప్పుడు, పార్వతి, తెల్లారితే వచ్చే దుఃఖం. వార్డరు నీళ్ళతో తిరిగొచ్చేసరికి నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. డాక్టరమ్మ ఆమెని గుమ్మం బయటే నిలబెట్టింది. నాకు వచ్చేది జబ్బని, దానికి పేరుందని, జైల్లో ఇది చాలామంది ఆడవాళ్ళకి వస్తుందని, మందు వాడితే నెమ్మదిస్తుందని చెప్పింది. "నువ్వొక్కదానివే కాదు" అంది. మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగితే, "నన్ను రానిస్తే" అంది. ఆ తర్వాత ఒకే ఒక్కసారి వచ్చింది.

హాలుకి ఆ సంగతి నాకంటే ముందే చేరింది. కిటికీ కింద వేరేవాళ్ళు పడుకున్నారు. నీళ్ళు మళ్ళీ పాత లెక్కకి వచ్చేశాయి. ఒకామె నా మొహం మీదే, "మమ్మల్ని ఇన్నాళ్ళూ ఆడించావు" అని ఉమ్మేసింది. ఆమెని ఏమనగలను? తన కడుపులో బిడ్డ గురించి నన్నడిగింది, నేను తల మీద చెయ్యి పెట్టాను. ఒక పిల్లకి నా కళ్ళముందే దెబ్బలు పడ్డాయి. ఆ పిల్ల నా వెనక్కి రాలేదు. ఆ రోజు మందు మింగుతుంటే గొంతు దిగలేదు. డా మ్యింట్ ఎదురుగా నిలబడి, నోరు తెరిపించి, మింగానో లేదో చూసి వెళ్ళింది. విడుదలయ్యేదాకా రోజూ అలాగే చూసింది.

చలికాలంలో ఏదో పండగకి కొందరిని వదిలారు, అందులో నా పేరు వచ్చింది. గేటు బయట జనం, ఏడుపులు, పేర్లు పట్టుకుని పిలుపులు. అందరి వాళ్ళూ ఉరికొచ్చి కావలించుకుంటున్నారు. మా అత్త పసుపునీళ్ళ చెంబు, వేపకొమ్మ పట్టుకుని నిలబడింది, వెనక మా వీధి ఆడవాళ్ళు. నా కాళ్ళు కడిగింది. వంగి దణ్ణం పెట్టింది. ఆమె సగానికి సగం అయిపోయింది, జుట్టు పూర్తిగా తెల్లబడింది. సూరిబాబు టాక్సీ తలుపు పట్టుకుని ఏడుస్తున్నాడు. నన్ను ముట్టుకోవచ్చో కూడదో ఆయనకి తెలియలేదు.

"రాజేడీ?" అని అడిగాను.

ఆయన చుట్టూ చూసి, పెదవి మీద వేలు పెట్టాడు.

రాజు ఆ మార్చి నుంచి ఇంటికి రాలేదు. అడవిలో సైన్యం మీద పోరాడే కుర్రాళ్ళతో కలిశాడని ఒకరన్నారట, దారిలోనే దొరికిపోయాడని ఇంకొకరు. వాకబు చేస్తే మిగిలిన ఇద్దరికీ ముప్పు. అందుకని అడిగినవాళ్ళకి మాండలేలో చుట్టాల కొట్లో ఉన్నాడని చెబుతున్నారు. ఇంట్లో కూడా వాడి పేరెత్తడం మానేశారు. తప్పనిసరైతే అత్త "సిన్నోడు" అంటుంది, అదీ గొంతు దించి. వాడి చొక్కా మాత్రం తలుపు వెనక మేకుకి అలాగే ఉంది.

జైలు డాక్టరమ్మ రెండోసారి వచ్చినప్పుడే, తనతో చదువుకున్న ఇంకో డాక్టరమ్మ క్లినిక్ ఎక్కడుందో చెప్పింది. వెళతానంటే అత్త ఒప్పుకోలేదు. "మందులేత్తే అమ్మోరికి కోపమొస్తాదే. వొచ్చిన తల్లిని ఎవురైనా పొమ్మంటారేటి?" సూరిబాబు అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. అమ్మకి ఎదురు చెప్పలేడు, నా చేతుల వణుకు చూడలేడు. చివరికి ఆయనే మార్కెట్టుకని చెప్పి టాక్సీలో ఎక్కించుకుని క్లినిక్‌లో దింపాడు. వీధివాళ్ళు మంగళవారాలు వచ్చి కూర్చునేవారు. ఒక్కొక్కరి ఇంట్లోంచి ఒక్కొక్క పిల్లో పిల్లాడో మాయమయ్యారు. నేను అమ్మవారిని కానని చెబితే, అమ్మ అలకలో ఉందని అనుకుని కొబ్బరికాయ పెట్టి వెళ్ళేవారు. నాకు వాళ్ళ మీద కోపం వచ్చేది, ఆ వెంటనే ఏడుపు వచ్చేది.

ఒక మంగళవారం కింద కొట్టువాళ్ళు ఇనుప షట్టర్ ఒక్కసారిగా దించారు. ఎదురుగా జనం కూర్చుని ఉన్నారు. నాకు వచ్చేసింది. ఎవరో కర్పూరం వెలిగించారు. అత్త అందరినీ తోసుకుని వచ్చి నా ముందు మోకాళ్ళ మీద పడింది. అన్నాళ్ళూ ఊరందరి ప్రశ్నలూ నా ముందు పెట్టించింది గాని, తను ఏమీ అడగలేదు. అప్పుడు అడిగింది.

"తల్లీ, నీకు ఎవురేటి పెట్టినా పెట్టకపోయినా నాను పెడతాను. నా సిన్నోడు ఎక్కడున్నాడు? ఉన్నాడా నేడా? ఒక్క మాట సెప్పు. ఉన్నాడను తల్లీ."

ఒక్క మాట. ఆ మాట అంటే ఆమె అన్నం తింటుంది. నా నోట్లో అది సిద్ధంగానే ఉంది, నాకూ అదే నిజం కావాలి. రాజు నాకు మరిది, ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి స్నేహితుడు. బల్ల కాలు పట్టుకున్నాను. ఊపిరి అందేదాకా పట్టుకున్నాను.

"అత్తా, నానత్తా. రత్నాన్ని. అమ్మోరు కాదు. నాకు భయమేసి వొణుకుతన్నాను. సిన్నోడు ఎక్కడున్నాడో నాకు తెల్దు."

"అలగనకే" అంది అత్త.

"తెల్దత్తా. తెలిస్తే సెప్పనా?"

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఎల్లండమ్మా, ఎల్లండి, దానికి ఒంట్లో బాగునేదు" అని అందరినీ పంపేసింది. కర్పూరం ఆర్పింది. పళ్ళెం కడిగి బోర్లించింది. నన్ను పడుకోబెట్టి కాళ్ళకి నూనె రాసింది. ఆ తర్వాత మూడు నాలుగు రోజులు నాతో అసలు మాట్లాడలేదు. నేను ఆమె కొడుకుని రెండోసారి పోగొట్టినట్టే ఉంది నాకు.

తర్వాత క్లినిక్‌కి వెళ్ళే రోజున నేను చీర మార్చుకుంటుంటే, అత్త కూడా మార్చుకుంది. ఎక్కడికని అడగలేదు. టాక్సీలో నా పక్కన కూర్చుంది. క్లినిక్‌లో ముందు గది చిన్నది, బోర్డు కూడా ఉండదు. అక్కడ కూర్చున్నవాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడుతున్నారు. అత్త మాత్రం అందరినీ తేరిపార చూసింది. "ఈలందరికీనా?" అని నా చెవిలో అడిగింది. అవునన్నాను.

లోపలికి పిలిచాక నాతోపాటు వచ్చింది. డాక్టరమ్మ నన్ను మందు పడుతోందా, నిద్ర ఎలా ఉందని అడిగింది. ఇంకా ఏదో చెప్పబోతుంటే అత్త నా మోచేయి పట్టుకుంది. ఆమెకి బర్మీస్ బేరాలకి సరిపడా వచ్చు, అంతే.

"దానికి తగ్గతంది లెమ్మను. నిద్దర రాకపోతే మందుంటాదేటో అడుగు."

"ఎవరికత్తా?"

"నాకేనే. సిన్నోడు ఎల్లిన కాణ్ణుంచి నాను పడుకోనేదు. గుమ్మం కాడే కూకుంటన్నాను. అన్నం నోట్లో ఎట్టుకుంటే ఆడు తిన్నాడో నేదోనని దిగదు. అమ్మోరైనా సెప్తాదని సూసినాను. అమ్మోరూ సెప్పనేదు, నువ్వూ సెప్పనేదు. ఇంక నానేటి సెయ్యాలో, ఆయమ్మని అడుగు."

ఆ మాటలన్నీ నేను బర్మీస్‌లోకి మార్చి చెప్పాలి. మొదలుపెట్టాను. అన్నం దగ్గరికి వచ్చేసరికి ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. నేను చెప్పడం పూర్తయ్యాక కుర్చీ అత్త ఎదురుగా జరుపుకుని కూర్చుంది. చేతిలో కలం కూడా పక్కన పెట్టేసింది.

"మీ అబ్బాయి పేరేమిటి?" అని అడిగింది. నెమ్మదిగా, అత్తకి అర్థమయ్యే బర్మీస్‌లోనే అడిగింది.

అత్త తలుపు వైపు చూసింది. తలుపు మూసే ఉంది. నా వైపు చూసింది. తర్వాత, గొంతు దించకుండా, "రాజు" అంది.